కొత్త గచ్చు, తెల్ల దుమ్ము
కారు నిలిపే కాంక్రీటు నేలకు ఏ పూత వేయాలి, ఎప్పుడు వేయాలి?

గృహప్రవేశమై రెండు నెలలు దాటినా కొన్ని ఇళ్లలో పార్కింగ్ నేలను ఊడ్చిన ప్రతిసారీ చేటెడు తెల్ల దుమ్ము వస్తుంది. కారు టైర్లు తెల్లబడతాయి. చెప్పులకు అంటుకుని ఆ దుమ్ము హాల్లోకీ వస్తుంది. మేస్త్రీని అడిగితే "కొత్తది కదండీ, నాలుగుసార్లు కడగండి, అదే పోతుంది" అంటాడు. కడిగితే ఆ పూటకు పోతుంది. ఆరగానే మళ్లీ మొదలు.

ఇంకో ఇంట్లో కథ వేరు. నేల వేసిన మూడో వారంలోనే బూడిదరంగు ఎపాక్సీ వేయించారు. కొన్నాళ్లు అద్దంలా మెరిసింది. తొలి వానాకాలం దాటేసరికి అక్కడక్కడా పొక్కులు లేచాయి. సరిగ్గా టైర్లు ఆగేచోట పూత పెచ్చులుగా ఊడి టైరుకే అంటుకుపోయింది.

రెండు నేలల జబ్బూ నీటితో వచ్చిందే. మొదటి ఇంట్లో నీరు ఉండాల్సిన రోజుల్లో లేదు. రెండో ఇంట్లో పోవాల్సిన వేళకు పోలేదు. ఈ రెండు సంగతులూ అర్థమైతే దుకాణంలో పది రకాల డబ్బాల ముందు నిలబడి తికమక పడే అవసరం ఉండదు. పైగా మన ఇళ్లలో పార్కింగ్ కారొక్కదాని కోసమే కాదు. వడియాలు పెట్టేది అక్కడే, మిరపకాయలు ఆరబోసేది అక్కడే, ఇంట్లో శుభకార్యమైతే బంతి భోజనాలకు బల్లలు వేసేదీ అక్కడే. దుమ్ము లేచే నేల అంటే రోజూ తలనొప్పే.

బస్తాకు ఎన్ని లీటర్లు?

కాంక్రీటు ఆరితే గట్టిపడుతుందని చాలామంది అనుకుంటారు. నిజానికి అది తడిగా ఉన్నంతకాలమే గట్టిపడుతుంది. సిమెంటులోని కాల్షియం సిలికేట్లు నీటితో రసాయనికంగా కలిసి సన్నటి జిగురులాంటి పదార్థాన్ని పుట్టిస్తాయి. ఇసుకనూ కంకరనూ పట్టి ఉంచేది ఆ జిగురే. ఈ చర్యలో ఇంకో సరుకు కూడా పుడుతుంది. అది కాల్షియం హైడ్రాక్సైడ్, అంటే మనం గోడలకు వెల్లవేసే తడి సున్నమే. దీన్ని గుర్తుపెట్టుకోండి. ముందు ముందు ఇది ఒకచోట మేలు చేస్తుంది, మరోచోట కొంప ముంచుతుంది.

50 కిలోల సిమెంటు బస్తాతో రసాయనికంగా కలిసిపోయే నీరు సుమారు 11, 12 లీటర్లే. పుట్టిన జిగురు తన సూక్ష్మమైన సందుల్లో పట్టి ఉంచుకునే నీటిని కూడా కలిపితే 20 లీటర్ల దాకా అవుతుంది. కానీ అంత తక్కువ నీటితో కలిపిన మాలు చేతికి లొంగదు. పార దిగదు, మట్టపు బద్ద లాగదు. అందుకని కాంక్రీటు కలిపే మిల్లరు దగ్గర ఉన్న మనిషి ఇంకో బకెట్టు, ఆపైన ఇంకో అర బకెట్టు ఒంపేస్తాడు. మాలు జారుగా వస్తుంది, పని చకచకా సాగుతుంది, అందరికీ హాయి. ఆ అదనపు నీటికి సిమెంటుతో పని లేదు. ఎప్పుడో ఒకప్పుడు ఆవిరైపోతుంది, తానున్న చోటును ఖాళీగా వదిలి పోతుంది.

ఆ ఖాళీ ఎంతో లెక్క వేయడం సులువే. 20 చదరపు మీటర్ల పార్కింగ్, అంటే దాదాపు 215 చదరపు అడుగులు. నాలుగంగుళాల మందంలో 1:1.5:3 పాళ్ల కాంక్రీటు వేస్తే 16 బస్తాల సిమెంటు పడుతుంది. బస్తాకు అయిదు లీటర్లు ఎక్కువ పోశారంటే ఆ నేల పొట్టలో దాదాపు 80 లీటర్ల చోటు బోలుగా మిగిలినట్టు. అదంతా ఒకచోట గుంటలా ఉండదు. కంటికి ఆనని సన్నటి గొట్టాల్లా నేలంతా అల్లుకుని ఉంటుంది. దీపంలో నూనె వత్తిని పట్టుకుని పైకి పాకినట్టు ఈ సందుల వెంట నీరు కింది నుంచి పైకి పాకుతుంది. పైన ఒలికిన ఇంజన్ ఆయిలు ఇదే దారిలో లోపలికి ఇంకుతుంది.

ఈ గొట్టాలు శాశ్వతంగా తెరుచుకునే ఉంటాయా? ఉండక్కర్లేదు. నేలను తడిగా ఉంచినన్నాళ్లూ సిమెంటు జిగురు పెరుగుతూ వాటిలోకి చొరబడుతుంది. ఒక దశలో గొట్టానికీ గొట్టానికీ మధ్య దారి తెగిపోతుంది. అక్కడి నుంచి అవి విడివిడి బుడగలే తప్ప కాలువలు కావు. ఆ దశ రావడానికి ఎన్నాళ్లు పడుతుందో అమెరికాలోని పోర్ట్‌లాండ్ సిమెంట్ అసోసియేషన్ ప్రయోగశాలలో టి.సి. పవర్స్, ఆయన సహచరులు కొలిచి 1959లో ప్రచురించారు. సిమెంటు పరిశోధనలో నాకు అన్నిటికన్నా ఇష్టమైన పట్టిక అది. దాన్ని మన బస్తా లెక్కలోకి మార్చి కింద ఇస్తున్నాను.

■ దారులు మూసుకోవడానికి ఎన్నాళ్లు తడపాలి?
50 కిలోల బస్తాకు 20 లీటర్ల నీరు కలిపితే: 3 రోజులు
22.5 లీటర్లు కలిపితే: 7 రోజులు
25 లీటర్లు కలిపితే: 14 రోజులు
30 లీటర్లు కలిపితే: 6 నెలలు
35 లీటర్లు కలిపితే: ఒక ఏడాది
35 లీటర్లు దాటితే: ఎన్నాళ్లు తడిపినా మూసుకోవు
(ఇసుకలో అప్పటికే ఉన్న తడి కూడా ఈ లీటర్లలోకే వస్తుంది. ఇవి ఆనాటి సాదా పోర్ట్‌లాండ్ సిమెంటు అంకెలు. ఇప్పటి సిమెంటు మరింత మెత్తగా నూరినది కాబట్టి కాస్త తొందరగా పని చేస్తుంది. వరస మాత్రం మారదు.)

25 నుంచి 30 లీటర్లకు వెళ్లడమంటే మిల్లరు దగ్గర ఒక చిన్న బకెట్టు తేడా. నేల దగ్గర అది రెండు వారాలకూ ఆరు నెలలకూ ఉన్న తేడా. ఆరు నెలలు నేలను తడిపేవాళ్లు ఎవరూ ఉండరు. కాబట్టి ఆ ఒక్క బకెట్టు పడ్డ రోజే ఆ నేల ఎప్పటికీ నీరూ నూనే పీలుస్తూ ఉంటుందని తేలిపోయింది. మాలు జారుగా కావాలంటే నీటికి బదులు ప్లాస్టిసైజర్ వాడొచ్చు. బస్తాకు కొద్దిపాటి ద్రావకంతోనే పని జరిగిపోతుంది. అపార్ట్‌మెంట్ సెల్లార్లలో, గోదాముల్లో వేసే 'ట్రిమిక్స్' ఫ్లోరింగులో అయితే మరో ఉపాయం ఉంది. కాంక్రీటు పరిచిన వెంటనే పైన చాప పరిచి వాక్యూమ్ పంపుతో అదనపు నీటిని పీల్చేస్తారు, తర్వాత తిరిగే పళ్లేలతో రుద్దుతారు. ట్రిమిక్స్ అన్నది ఆ యంత్రాలు చేసిన స్వీడన్ కంపెనీ పేరు. మనవాళ్లకు అది పనికే పేరైపోయింది.

పైన పటారం

ఇక దుమ్ము సంగతి. నేల పోసిన గంటలో కంకరా ఇసుకా బరువుకు కిందికి సర్దుకుంటాయి, నీరు పైకి తేలుతుంది. పైన సన్నటి నీటిపొర మిలమిలలాడుతూ కనిపిస్తుంది. మేస్త్రీ చేయాల్సింది ఆ మెరుపు తగ్గేదాకా ఆగడం. నేల మీద కాలు పెడితే పావు అంగుళానికి మించి దిగకూడదు, అప్పుడు రుద్దడం మొదలుపెట్టాలి. కానీ సాయంత్రం అయిదవుతోంది, కూలీలు బస్సు అందుకోవాలి. అందుకని ఆ నీటి మీద గుప్పెళ్లతో పొడి సిమెంటు చల్లుతాడు. అది నీటిని పీల్చుకుంటుంది, తాపీ పెట్టి రుద్దితే నేల పట్టులా నున్నగా వస్తుంది. ఇంటాయన చూసి మురిసిపోతాడు.

పైన పటారం, లోన లొటారం అంటే ఇదే. తేలిన నీరంతా ఆ పైపొరలోనే చిక్కుకుంది. కింద బస్తాకు 27 లీటర్లు ఉన్న నేలలో పై రెండు మిల్లీమీటర్ల వాటా దానికన్నా చాలా ఎక్కువ. ఆ పొరలో ఉన్నది సిమెంటు పాలూ, సన్నటి ఇసుక దుమ్మూ. తాపీతో రుద్దేకొద్దీ సిమెంటు పాలు ఇంకా పైకి లేస్తాయి. గట్టి కంకర కింద ఉండిపోతుంది, టైరు రుద్దుకునేది మాత్రం ఈ బలహీనమైన పొరనే. మర్నాడు ఎండకు అది తొందరగా ఆరిపోతే సిమెంటు చర్య సగంలో ఆగిపోతుంది. చర్య జరగని సిమెంటూ సన్న ఇసుకా రోజుకు కొంచెం చొప్పున రాలుతుంటాయి. మీ చేటలోకి వచ్చేది అదే. కడిగితే పోకపోవడానికి కారణం కూడా అదే. అది పైన పడిన దుమ్ము కాదు, నేలే దుమ్ముగా మారుతోంది.

దీంతో పాటు ఇంకో తెల్లదనం ఉంది, దాన్నీ దీన్నీ కలిపేయకూడదు. కొన్ని నేలల మీద అంచుల్లో, పగుళ్ల వెంట ఉప్పు పూసినట్టు తెల్లటి పొర కడుతుంది. నేలలోని తడి సున్నాన్ని కరిగించుకుని పైకి తెస్తుంది. అది గాలిలోని కార్బన్ డయాక్సైడుతో కలిసి సుద్దగా మారుతుంది. అది కనిపించిందంటే కింది నుంచి తడి వస్తోందని నేల మీకు చెబుతున్నట్టే. ఆ నేల మీద మందపాటి పూత ఆలోచనే పెట్టుకోవద్దు.

తడి ఉంచాల్సిన రోజులు

భారతీయ ప్రమాణం ఐఎస్ 456 ప్రకారం మామూలు ఓపీసీ సిమెంటుతో వేసిన కాంక్రీటును కనీసం 7 రోజులు, పీపీసీ లాంటి మిశ్రమ సిమెంటు అయితే కనీసం 10 రోజులు ఎడతెగకుండా తడిగా ఉంచాలి. ఎండా పొడిగాలీ ఉన్నచోట ఏ సిమెంటుకైనా 10 రోజులకు తగ్గకూడదు. మిశ్రమ సిమెంటుకు 14 రోజులు మంచిదని కూడా అందులోనే ఉంది. ఇప్పుడు ఇళ్లకు వచ్చే బస్తాల్లో ఎక్కువభాగం పీపీసీయే. బస్తా మీద రాసే ఉంటుంది, చూసుకోండి.

ఇక్కడ 'ఎడతెగకుండా' అన్న మాటే ముఖ్యం. పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి పైపుతో నీళ్లు కొట్టడాన్ని మనం క్యూరింగ్ అంటున్నాం. ఏప్రిల్ ఎండలో విజయవాడలోనో రామగుండంలోనో పదకొండు గంటలకల్లా ఆ నేల పొడిబారుతుంది. పైపొరలో చర్య ఆగుతుంది, సాయంత్రం మళ్లీ మొదలవ్వాలి. ఇలా ఆగుతూ సాగే పని పూర్తవదు. మామూలు నేలకు మడి కట్టి రెండంగుళాల నీరు నిలపడం అన్నిటికన్నా మంచిది. వాలు ఉన్న నేలకైతే గోనె పట్టాలు పరిచి, తడిపి, వాటి మీద పాలిథిన్ పట్టా కప్పితే రోజంతా తడి ఆరదు.

నేల పోసిన మొదటి కొన్ని గంటలు మరీ సున్నితమైనవి. చదరపు మీటరు నుంచి గంటకు ఒక లీటరుకు మించి నీరు ఆవిరైతే పైచర్మం బిగుసుకుని సన్నటి పగుళ్లు తెరుచుకునే ప్రమాదం ఉందని కాంక్రీటు ఇంజనీర్ల లెక్క. మన 20 చదరపు మీటర్ల నేలకు అది గంటకు 20 లీటర్లు. దాదాపు ఒక బస్తాకు సరిపడా నీరన్నమాట. ఎండాకాలంలో మధ్యాహ్నం రెండింటికి పార్కింగ్ పోయించడం కన్నా చల్లబడ్డాక పోయించడం మేలు. పై కప్పు లేని చోట షామియానా కట్టినా తప్పులేదు.

వారాల తరబడి నీళ్లు పెట్టిన నేలకూ పెట్టని నేలకూ కంటికి తేడా తెలియదు. మేకుతో గీసి చూస్తే తెలుస్తుంది. మంచి నేల మీద మేకు సన్నటి మెరుపు గీత మాత్రం వదులుతుంది. బలహీనమైన నేల మీద గాడి పడి పొడి లేస్తుంది.

పైన పొడి, లోపల తడి

రెండో ఇంటికి వద్దాం. 28 రోజులు అయితే కాంక్రీటు సిద్ధమైనట్టేనని మనకు ఒక నమ్మకం. ఆ 28 బలాన్ని కొలవడానికి పెట్టుకున్న గడువు. ఎండిపోవడానికీ దానికీ సంబంధం లేదు. నీళ్లు పెట్టడం ఆపిన తర్వాత ఒక అంగుళం మందానికి ఒక నెల చొప్పున ఆరుతుందని ఫ్లోరింగ్ పనివాళ్ల మోటు లెక్క. నాలుగంగుళాల నేలకు నాలుగు నెలలు. మధ్యలో వానాకాలం వస్తే ఇంకా ఎక్కువే.

పైకి పొడిగా కనిపించే నేల మోసం చేస్తుంది. నేల ఆరేది పై నుంచే కాబట్టి పై అంగుళం పొడిగా, అడుగు తడిగా ఉంటుంది. దాని మీద గాలి చొరని పూత వేశామనుకోండి. ఇక పైకి పోయే దారి లేదు. అడుగున ఉన్న తడి కొన్ని వారాల్లో నేలంతా సమానంగా సర్దుకుంటుంది. అంటే పూత వేసిన రోజు పొడిగా ఉన్న పైభాగం ఆ తర్వాత మళ్లీ తడెక్కుతుంది. పూత వెంటనే కాక కొన్ని నెలలకు ఊడటానికి కారణం ఈ సర్దుబాటే. స్వీడన్ పరిశోధకులు దీన్ని గమనించే, తడిని కొలిచే మీటరును నేల మందంలో పైనుంచి 40 శాతం లోతున పెట్టాలన్నారు. పూత వేశాక నేలంతా ఎంత తడి ఉండబోతోందో ఆ లోతులోని అంకె ముందే చెబుతుంది.

ఇది నేలలో మిగిలిపోయిన తడి మాత్రమే. భూమిలోంచి వచ్చేది వేరే. కోనసీమలోనో కృష్ణా డెల్టాలోనో నీరు కొన్ని అడుగుల లోతులోనే ఉంటుంది. అక్కడ గ్రావెల్ మీద నేరుగా పోసిన కాంక్రీటుకు ఎండిపోవడం అన్నది ఉండదు. కింది నుంచి ఆవిరి నిరంతరం పైకి వస్తూనే ఉంటుంది. కాంక్రీటు పోయకముందు కింద 250 మైక్రాన్ల పాలిథిన్ షీటు పరిచి, అతుకుల దగ్గర ఒకదాని మీద ఒకటి వచ్చేలా టేపు వేస్తే ఈ బాధ తప్పుతుంది. ఇంటి మొత్తం ఖర్చులో దాని ఖర్చు లెక్కలోకే రాదు. తర్వాత కావాలన్నా పెట్టలేం.

పొక్కును సూదితో పొడిచి చూస్తే లోపల నీరు ఉంటుంది. ఆ నీటిని వేళ్లకు రాసుకుంటే జారుతుంది, ఎందుకంటే అది సున్నపు క్షారం నిండిన నీరు. కాంక్రీటు లోపలి నీరు తీవ్రమైన క్షారం, దాని పీహెచ్ 12 దాటుతుంది. కొత్త సిమెంటు నేలకు మామూలు ఎనామిల్ పెయింటు వేసినప్పుడు అది జిగటగా మారి ఊడిపోవడం చాలామంది చూసే ఉంటారు. ఎనామిల్‌లో ఉన్నది నూనె. నూనెకు క్షారం తగిలితే ఏమవుతుంది? సబ్బవుతుంది. పెయింటు వేసినాయన తెలియకుండానే నేల మీద సబ్బు చేశాడు.

■ డబ్బా కొనేముందు ఒక రాత్రి
అడుగున్నర పొడవూ వెడల్పూ ఉన్న పారదర్శకమైన పాలిథిన్ ముక్కను నేల మీద పరిచి నాలుగు అంచులూ టేపుతో గాలి చొరకుండా అంటించండి. ఎండ తగలని చోటు ఎంచుకోండి. మర్నాడు, కనీసం 16 గంటల తర్వాత, ఎత్తి చూడండి. షీటు అడుగున నీటి బిందువులు ఉన్నా, కింద నేల నల్లబడినా గాలి చొరని పూతకు ఇంకా వేళ కాలేదు. ఒకచోట చూసి వదలక మూడు నాలుగు చోట్ల చూడండి, వానాకాలంలో మరోసారి చూడండి. షీటు పొడిగా వచ్చినంత మాత్రాన పూర్తి భరోసా లేదు, తడిగా వస్తే మాత్రం అనుమానమే లేదు. అలాగే నేల మీద నాలుగు నీటి చుక్కలు వేయండి. నిమిషాల్లో ఇంకి నల్లటి మచ్చ పడితే నేల పీలుస్తోంది. చుక్క గుండ్రంగా నిలబడిపోతే అంతకుముందే ఏదో క్యూరింగ్ కాంపౌండో నూనో పట్టి ఉంది. దాన్ని తీయకుండా వేసిన ఏ పూతా అంటుకోదు.

ఏ డబ్బాలో ఏముంది?

దుకాణంలో సీలర్, హార్డెనర్, కోటింగ్, ప్రొటెక్టర్ అని ఎన్ని పేర్లున్నా నేల దగ్గర అవి చేసే పని మూడు రకాలే.

మొదటిది సిలికేట్. సోడియం, పొటాషియం లేదా లిథియం సిలికేట్‌ను నీటిలో కలిపి అమ్ముతారు. గుర్తుపెట్టుకోమన్న సున్నం ఇక్కడ మేలు చేస్తుంది. ఈ ద్రావకం పైపొర సందుల్లోకి ఇంకి, అక్కడి సున్నంతో కలిసి, సిమెంటు చర్యలో పుట్టే జిగురులాంటి దాన్నే మళ్లీ పుట్టిస్తుంది. బలహీనమైన, పనికిమాలిన సున్నం గట్టి జిగురుగా మారుతుంది. దుమ్ము తగ్గుతుంది, గీతలకు నేల ఓర్చుకుంటుంది. పైన పొర కట్టదు కనుక ఊడేదేమీ ఉండదు, కింది ఆవిరికి అడ్డూ ఉండదు. మొదటి ఇంటివాళ్లకు నా సలహా ఇదే. రాసి వదిలేయకూడదు. అరగంటసేపు నేల తడిగా ఉండేలా చీపురుతో పరుస్తూ ఉండాలి, మిగిలింది కడిగేయాలి. లేకపోతే ముఖ్యంగా సోడియం రకం తెల్లటి గాజుపొక్కులా ఎండిపోయి తీయడానికి చచ్చే చావు అవుతుంది. కొందరు అమ్మేవాళ్లు "ఇది కొడితే నీళ్లు పెట్టే పనే లేదు" అంటారు. అది నమ్మొద్దు. సిలికేట్ నీటిని లోపల ఆపదు. పైపొర మరీ చెడిపోయి, గోరుతో గీస్తేనే పొడి రాలే నేలను కూడా ఇది బాగు చేయలేదు. దాన్ని డైమండ్ గ్రైండరుతో అరగదీసి గట్టి పొర తేలాక మొదలుపెట్టాల్సిందే.

రెండోది సిలేన్, సిలోక్సేన్. ఇవి సందులను పూడ్చవు, సందుల గోడలకు అంటుకుని వాటిని నీటికి పడనివిగా మారుస్తాయి. పాకే శక్తి పోయాక నీరు లోపలికి రాదు, ఆవిరి మాత్రం బయటికి పోతుంది. సిలేన్ అణువు చిన్నది కాబట్టి లోతుకు దిగుతుంది, కానీ ఎండలో ఆవిరైపోతుంది. పొద్దున్నే చల్లపూట కొట్టాలి. నేల రంగు మారదు, మెరుపు రాదు. డబ్బు పెట్టినట్టు కనపడదు కాబట్టి మనవాళ్లకు ఇది నచ్చదు. వాన తడిసే పోర్టికోకు నా లెక్కలో దీన్ని మించింది లేదు. నూనె మరకలను ఆపడం దీనికి చేతకాదు, కింది నుంచి ఒత్తిడితో ఎగదన్నే నీటినీ ఆపలేదు. కొన్నేళ్లకోసారి మళ్లీ కొట్టాలి.

మూడోది పైన పొర కట్టేది. యాక్రిలిక్, ఎపాక్సీ, పాలీయురేథేన్ ఈ జాతివే. ఆయిలు, బ్యాటరీ యాసిడ్ వంటివి తగిలే చోట ఇవే కావాలి. ఇన్వర్టర్ బ్యాటరీని పార్కింగ్ మూల పెట్టుకున్న ఇళ్లలో ఆ యాసిడ్ కాంక్రీటును తినేస్తుంటుంది. అక్కడ ఎపాక్సీ మంచి కాపలా. మరి టైరు దగ్గరే ఎందుకు ఊడుతుంది? హైవే మీద నుంచి వచ్చిన టైరు వేడిగా ఉంటుంది. ఆ వేడికి చవక పూత మెత్తబడుతుంది, టైరు రబ్బరులో మెత్తదనం కోసం కలిపిన నూనెల్లాంటి పదార్థాలు పూతలోకి దిగి ఇంకా మెత్తబరుస్తాయి. రాత్రి టైరు చల్లారి ముడుచుకుంటూ పూతను పట్టి లాగుతుంది. పొద్దున కారు కదిలితే పూత టైరుతో పాటు లేస్తుంది. కింద సిమెంటు పాల పొరను తీయకుండా వేసిన పూతకు ఇది మరీ తొందరగా జరుగుతుంది. ఎందుకంటే పూత గట్టిగానే అంటుకుంది, కానీ అది అంటుకున్న పొరకే కింద పట్టు లేదు. ఊడిన పెచ్చును తిరగేసి చూస్తే వెనక బూడిదరంగు సిమెంటు పొర కనిపిస్తుంది. నేలను యాసిడ్‌తో కడిగితే చాలని చెప్పేవాళ్లున్నారు. యాసిడ్ ఒకచోట ఎక్కువా ఒకచోట తక్కువా తింటుంది, కడిగిన నీరు మళ్లీ నేలలోకి ఇంకుతుంది. గ్రైండింగే నయం. ఎపాక్సీకి ఇంకో పెద్ద లోపం ఎండ. నేరుగా ఎండ పడితే పసుపెక్కి, సుద్దలా పొడి రాలుతుంది. సెల్లారుకు పనికొచ్చేది పోర్టికోకు పనికి రాదు. తడిస్తే జారుతుంది కూడా. పచ్చిగా ఉన్నప్పుడే సన్నటి క్వార్ట్జ్ ఇసుక చల్లించకపోతే పెద్దవాళ్లున్న ఇంట్లో ప్రమాదం.

పగుళ్లకు మాత్రం ఏ డబ్బా మందు కాదు. నేల ముడుచుకోవడం సహజం. పది అడుగులకోసారి నేల మందంలో నాలుగో వంతు లోతున, పోసిన మర్నాటికల్లా కోత కోస్తే పగులు ఆ కోత వెంటే తిన్నగా పోతుంది. నల్లరేగడి మీద కట్టిన ఇళ్లలో కింది మట్టే వానకు ఉబ్బి ఎండకు కుంగుతుంది. అక్కడ పునాది నింపుడులోనే జాగ్రత్త పడాలి.

మంచు పడే ఊళ్లలో

అమెరికాలో ఉన్న మనవాళ్ల గరాజుల్లో ఈ బాధలన్నీ ఉంటాయి, పైన ఉప్పు ఒకటి. షికాగోలోనో న్యూజెర్సీలోనో చలికాలం రోడ్లకు చల్లిన ఉప్పు మంచుతో కలిసి కారు అడుగున గడ్డ కడుతుంది. గరాజులో కరిగి నేల మీద మడుగు కడుతుంది. నీరు మంచుగా మారితే 9 శాతం ఉబ్బుతుంది. సందులు నిండా తడిసిన కాంక్రీటులో ఆ ఉబ్బుకు చోటు లేక పైపొర పెచ్చులుగా లేస్తుంది. ఉప్పు వల్ల గడ్డకట్టడం, కరగడం పదేపదే జరుగుతాయి. కాల్షియం క్లోరైడు రకం ఉప్పు మన పాత మిత్రుడు సున్నంతో కలిసి, మంచు లేకపోయినా ఉబ్బే లవణాన్ని పుట్టిస్తుంది.

దీనికి విరుగుడు దొరికిన తీరు విచిత్రం. 1930ల్లో న్యూయార్క్ రాష్ట్రంలో కొన్ని రోడ్లు మాత్రం చలికి చెక్కుచెదరలేదు. ఆరా తీస్తే ఆ సిమెంటును నూరేటప్పుడు మరలో పశువుల కొవ్వు వాడారని తేలింది. కొవ్వు వల్ల కాంక్రీటులో సన్నటి గాలి బుడగలు పుట్టాయి. మంచు ఉబ్బినప్పుడు నీరు ఆ బుడగల్లోకి తప్పుకుంటోంది. ఇప్పుడు చలి దేశాల్లో కావాలనే బుడగలు పుట్టించే ద్రావకం కలిపి కాంక్రీటు పోస్తారు. అక్కడ కొత్త ఇల్లు కొనేవాళ్లు గరాజు నేలకు, బయటి డ్రైవ్‌వేకు అలాంటి కాంక్రీటు వేశారో లేదో బిల్డరును అడగాలి. తొలి చలికాలం వచ్చేలోపు సిలేన్ కొట్టించాలి. ఆ మొదటి చలికాలం డ్రైవ్‌వే మీద ఉప్పు చల్లకుండా ఇసుకతో సరిపెట్టుకోవాలి. అమోనియం ఉన్న ఎరువులను మంచు కరగడానికి చల్లేవాళ్లున్నారు. అవి కాంక్రీటును నేరుగా తినేస్తాయి.

ఇల్లు కట్టుకుంటున్నవాళ్లకు

ఎవరైనా పార్కింగ్ నేలకు ఏం వేయించాలని అడిగితే నేను చెప్పేది ఇంతే. కప్పు కింద ఉన్న మామూలు ఇంటి పార్కింగుకు సరిగ్గా తడిపిన కాంక్రీటు, దాని మీద ఒకసారి సిలికేట్ చాలు. వాన తడిస్తే సిలేన్. ఎపాక్సీ మోజు ఉంటే వేయించుకోండి, కానీ నాలుగైదు నెలలు ఆగి, పాలిథిన్ పరీక్ష చేసి, గ్రైండింగ్ చేయించాకే. ఆయిలు ఒలికితే అదే రోజు రంపపు పొట్టు పోసి పీల్పించి, సబ్బు నీళ్లతో కడగండి. బాత్రూం యాసిడ్‌ను మాత్రం కాంక్రీటు నేల దగ్గరికి రానివ్వొద్దు. అది మరకతో పాటు నేలనూ కరిగిస్తుంది.

కాంట్రాక్టరుతో ఒప్పందం రాసుకునేటప్పుడు సిమెంటు బ్రాండు, స్టీలు కంపెనీ పేర్లు అందరూ రాయించుకుంటారు. వాటి కింద ఇంకో మూడు లైన్లు రాయించండి: పార్కింగ్ నేల కింద 250 మైక్రాన్ల పాలిథిన్ షీటు, బస్తాకు 25 లీటర్లకు మించకుండా నీరు, పట్టాలు కప్పి 14 రోజులు క్యూరింగ్. నేల పోసే రోజు సెలవు పెట్టి మిల్లరు పక్కన కుర్చీ వేసుకుని బకెట్లు లెక్కపెట్టండి.